వెండివెన్ను తోడేలు మూట

అనగనగా, మన కొండలూ మన నదులూ దాటి, ఆ పడమటి ఎడారులు కూడా దాటి వెళ్తే మాసిడోనియా అని ఒక కొండల సీమ. ఆ కొండల మీద ఒక అడవి. ఆ అడవికి రాజు ఒక సింహం. రాజంటే గుహలో కూర్చుని మీసాలు దువ్వుకునే రాజు కాదు. ఆయన కాలు ఒకచోట నిలిస్తే కదా. కొండలు దిగాడు, సముద్రం దాటాడు, పారశీక దేశం దాటాడు, మన సింధునది దాకా వచ్చి నీళ్ళు తాగి మరీ వెళ్ళాడు. దారిలో ఉన్న అడవులన్నీ ఆయనవే అయిపోయాయి.

అంత దూరం ఒక్కడే రాడుగా. వెంట పెద్ద సైన్యం ఉంది. అందులో ముందు వరస ఎప్పుడూ తోడేళ్ళదే. నల్లటి బొచ్చుతో బయల్దేరిన కుర్ర తోడేళ్ళు నడిచీ నడిచీ, పోరాడీ పోరాడీ ముసలివాళ్ళయ్యారు. వెన్ను మీద బొచ్చంతా వెండిలా తెల్లబడింది. అందుకని వాళ్ళని అందరూ వెండివెన్నులు అనేవాళ్ళు. ఒక్క యుద్ధంలోనూ వాళ్ళు తోక ముడవలేదు. ఆ సంగతి మనం మర్చిపోతామేమో అని వాళ్ళే రోజుకి పదిసార్లు గుర్తు చేసేవాళ్ళు.

ఆ వెండివెన్నులకి పెద్ద లైకోన్. అతనికి ఒక చెవి సగమే ఉంది. మిగతా సగం ఎక్కడ పోయింది తాతా అని పిల్లలు అడిగితే, అడిగినప్పుడల్లా ఒక కొత్త యుద్ధం పేరు చెప్పేవాడు.

వీళ్ళకి ఇల్లంటూ లేదు. ఎలా ఉంటుంది చెప్పండి? పెళ్ళిళ్ళు దారిలోనే, పురుళ్ళు దారిలోనే. సైన్యం ముందు నడిస్తే వెనకాల గాడిదలు నడిచేవి. గాడిదల మీద మూటలు, మూటల పక్కన పెళ్ళాం బిడ్డలు. అదే వాళ్ళ ఊరు. లైకోన్ మూటలో ఒక ఎర్ర కంబళి ముక్క, నైలు నది ఒడ్డున ఎండబెట్టిన చేప, సింధు ఇసుకలో ఏరుకున్న గుండ్రాయి ఉండేవి. అన్నిటికన్నా అడుగున ఒక జింక తొడ ఎముక. సింహరాజు సగం కొరికి, మిగతాది తినరా అని తన చేత్తో ఇచ్చిన ఎముక అది. లైకోన్ దాన్ని తినలేదు, ఇరవై ఏళ్ళు మోశాడు. భార్య మెలిత నవ్వేది. అటు తినకుండా ఇటు పారెయ్యకుండా ఈ మోతేంటయ్యా అనేది.

సరే. అలా తిరిగి తిరిగి బాబిలోన్ చేరేసరికి సింహరాజుకి జ్వరం వచ్చింది. సింహానికి జ్వరమేంటి అనకండి. జ్వరానికి సింహమూ ఒకటే, చిట్టెలుకా ఒకటే. పదో రోజుకి రాజు లేవలేకపోయాడు. సేనాపతులు చుట్టూ మూగి, మీ తర్వాత ఎవరు రాజా అని అడిగారు. ఆయన కళ్ళు తెరిచి, "నా తర్వాత..." అన్నాడు. అంతే, ప్రాణం పోయింది.

ఆ మిగిలిన మాట ఎలుగుబంటికి శుభ్రంగా వినపడిందట, ఎలుగుబంటే అని. అడవిపందికి అడవిపందే అని వినపడిందట. చిరుతపులి ఇంకా గట్టివాడు. రాజుగారు ఆ మాట నా చెవిలో చెప్పారు, మీకెలా వినపడుతుంది అన్నాడు. సింహరాజుకి ఒక పిల్లసింహం ఉన్నాడు, ఇంకా పాలు తాగుతున్నాడు. ఆ పసివాడి పేరు మాత్రం ఎవరికీ వినపడలేదు. ఎవరికి వారే యమునా తీరే.

ఒక్కడికి మాత్రం గుర్తుంది. వాడు అకాంతుడనే ముళ్ళపంది. సింహరాజు దగ్గర ఉత్తరాలు రాసే రాయసగాడు. తన వీపున ఉన్న ముల్లే తనకి కలం. యవన భాషలో అకాంతోస్ అంటే ముళ్ళమొక్క, మన నోటికి అకాంతుడు. వాడిది మాసిడోనియా కొండ కాదు, ఎక్కడో సముద్రం ఒడ్డు. రాజ్యం పిల్లసింహానిది, వాడు ఎదిగేదాకా మనం కాపలావాళ్ళం మాత్రమే అన్నాడు అకాంతుడు. చిరుతపులి పడీ పడీ నవ్వాడు. నక్కల్నీ దుమ్ములగొండుల్నీ పోగేసుకుని రాజ్యం మీద పడ్డాడు.

వెండివెన్నులు అకాంతుడి పక్కన నిలబడ్డారు. సింహరాజు బిడ్డంటే వాళ్ళకి ప్రాణం. కానీ ఒక్క చిక్కు వచ్చింది, ఇప్పుడు సేనాని అకాంతుడే. దుంపలు తవ్వుకు తినేవాడు, వేటంటే ఏంటో తెలీనివాడు, పైగా మన కొండవాడు కానివాడు మాకు ఆజ్ఞలిస్తాడా అని లైకోన్ మూతి ముడుచుకున్నాడు. వెనకాల మూడు వేల మూతులు ముడుచుకున్నాయి.

అకాంతుడు వాదించలేదు. ఒక తోలు గుడారం వేయించాడు. మధ్యలో ఎత్తుగా ఒక రాతి గద్దె పెట్టించాడు. ఆ సీమలో రాజులు కిరీటం పెట్టుకోరు, నుదుటికి తెల్లటి పట్టీ కట్టుకుంటారు. సింహరాజు కట్టుకున్న పట్టీని ఆ ఖాళీ గద్దె మీద ఉంచాడు. ఇక రోజూ పొద్దున్నే అందరూ దానికి దండం పెట్టాలి, ఎదురుగా నేల మీద కూర్చోవాలి. అకాంతుడూ నేల మీదే. ఏ పనైనా గద్దెనే అడగాలి. రాజుగారూ, ఏరు దాటమంటారా? ఇవాళ ఇక్కడే ఉండమంటారా? అడిగి కాసేపు ఆగుతారు. గద్దె మాట్లాడదు. మౌనం అర్ధాంగీకారం అని లేచి వెళ్ళి పని చేస్తారు.

ఇప్పుడు మూతులు విచ్చుకున్నాయి. మాకు ముళ్ళపంది ఆజ్ఞ ఇవ్వలేదు, సాక్షాత్తూ రాజుగారే ఇచ్చారు అనుకుంటూ లైకోన్ తోక పైకెత్తి నడిచాడు. ఏ రోజు ఏం అడగాలో అకాంతుడికి బాగా తెలుసు కాబట్టి, పనులన్నీ చక్కగా జరిగిపోయాయి.

చిరుతపులికి ఇది గిట్టలేదు. ముందు ఒక కాకిని పంపాడు. ముళ్ళపందిని కట్టి ఇస్తే వంద గొర్రెలిస్తానన్నాడు. గొర్రెల్ని పట్టుకోవడం మాకు మీరు నేర్పాలా అని తోడేళ్ళు నవ్వి పంపేశారు. తర్వాత ఒక నక్కని పంపి లైకోన్‌కి సేనాపతి పదవి ఇస్తానన్నాడు. ఆ నక్క తిరిగి వెళ్ళేటప్పుడు దాని తోక మీద మూడు పళ్ళ గుర్తులున్నాయి. మూడోసారి తియ్యటి కబురు పంపాడు. ముళ్ళపంది మనవాడు కాదు లైకోన్, మన కొండవాడు కాదు, మనం మనం ఒకటి అన్నాడు. ఈ మాట కొంచెం గుచ్చుకుంది. అయినా లైకోన్ లొంగలేదు.

"మన కొండవాడు కాకపోవచ్చు. మన రాజుగారివాడు," అన్నాడు.

ఇంతలో చలికాలం వచ్చింది. మేత కోసం, వేట కోసం సైన్యం చెల్లాచెదురుగా ఉన్న సమయం చూసి చిరుత ఒక్కసారిగా వచ్చి పడ్డాడు. శిబిరంలో వంద తోడేళ్ళు కూడా లేరు. అకాంతుడు కంగారు పడలేదు. గాడిదలన్నిటి తోకలకీ చెట్టు కొమ్మలు కట్టించి, బయలంతా అటూ ఇటూ పరిగెత్తించాడు. ఆకాశం దాకా దుమ్ము లేచింది. ఎంత సైన్యం ఉంటే అంత దుమ్ము లేస్తుంది అని భయపడి చిరుత వెనక్కి తిరిగాడు. లైకోన్ పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆ రోజు మొదటిసారి ముళ్ళపందిని అన్నా అని పిలిచాడు. అప్పట్నుంచి తోడేలు పిల్లలకి వాడు ముళ్ళమామ. ముళ్ళు గుచ్చుకోకుండా వీపెక్కడం ఎలాగో ఆ పిల్లలు కనిపెట్టేశారు కూడా.

కానీ చిరుత బుర్ర తక్కువవాడేం కాదు. నాకు వాడంటే ఒళ్ళుమంట గానీ, ఉన్నమాట చెప్పాలి కదా. దుమ్ముతో లేని సైన్యాన్ని చూపించొచ్చు అంటే, ఉన్న సైన్యాన్ని దాచనూవచ్చు అని వాడికి తట్టింది.

వారం తిరక్కుండా రెండు సైన్యాలూ ఒక ఉప్పునేల మీద ఎదురుపడ్డాయి. చెట్టు లేదు, గడ్డి లేదు. అడుగేస్తే తెల్లటి ధూళి లేస్తుంది. వెండివెన్నులు ముందుకి దూకారు. అబ్బో, ఏం దూకారనుకున్నారు! వాళ్ళ తాతల వయసువాళ్ళు వచ్చి మీద పడుతుంటే కుర్ర నక్కలు కాళ్ళకి బుద్ధి చెప్పాయి. మధ్యాహ్నానికల్లా చిరుత ముందు వరస మిగల్లేదు. వెండివెన్నుల్లో ఒక్కడు కూడా పడిపోలేదు. లైకోన్ గెలిచిన ఉత్సాహంతో, మెలితకి ఏం చెప్పాలో, ఎంత పెంచి చెప్పాలో అనుకుంటూ శిబిరానికి వచ్చాడు.

శిబిరంలో గద్దె ఉన్న గుడారం ఒక్కటే మిగిలింది. గాడిదలు లేవు, మూటలు లేవు. మెలిత లేదు, ముగ్గురు పిల్లలూ లేరు. ఇక్కడ దుమ్ములో యుద్ధం జరుగుతుంటే, అదే దుమ్ము చాటున దుమ్ములగొండులు చుట్టూ తిరిగి వచ్చి అందరినీ తోలుకుపోయాయి. లైకోన్ తన మూట ఉండే చోటుకి పోయి ఆ ఖాళీ నేల మీద కూర్చున్నాడు. ఇరవై ఏళ్ళ నడకలో వాడికి భయం వెయ్యడం అదే మొదలు.

పొద్దు వాలకముందే చిరుత కాకి వచ్చి వాలింది. ఇప్పుడు ముళ్ళపందిని కట్టి పంపితే పెళ్ళాం బిడ్డల్నీ మూటల్నీ వెంటనే పంపేస్తాడట. లేదంటే రేపు మధ్యాహ్నానికి మూటలు నక్కలకి, మీవాళ్ళు సముద్రం అవతలికి.

అకాంతుడు లైకోన్ పక్కన వచ్చి కూర్చున్నాడు.

"లైకోన్, వాడి ముందు వరస పోయింది. అందుకే బేరానికి వచ్చాడు. మధ్యాహ్నం దాకా గడువిచ్చాడు, మనకి పొద్దున్నే చాలు. ఒక్క దెబ్బ కొడితే మెలితా వస్తుంది, పిల్లలూ వస్తారు. నన్ను నమ్ము."

అది నిజమని లైకోన్‌కి తెలుసు. ముందు వరసని చీల్చింది తనే కదా. కానీ పొద్దున్న అంటే ఇంకా ఒక పూట ఆగాలి. పిల్లలు ఏడుస్తూ ఉంటారు. ఆ మూట ఏదో నక్క విప్పుతూ ఉంటుంది. ఆ ఎముక ఎవడో కొరుకుతూ ఉంటాడు. దోర్కోన్ అని ఇంకో వెండివెన్ను పక్కకి పిలిచి, వాడు మన కొండవాడైనా కాదు కదా అన్నాడు. మొన్న గుచ్చుకున్న మాట ఇంకా లోపలే ఉంది.

తోడేళ్ళందరూ గుడారంలోకి వెళ్ళారు. లైకోన్ ఖాళీ గద్దె ముందు నిలబడి, "రాజుగారూ, సేనానిని ఇచ్చి మావాళ్ళని తెచ్చుకోమంటారా? వద్దంటే చెప్పండి," అన్నాడు.

గద్దె మీద తెల్లపట్టీ కూడా కదల్లేదు. కాసేపు ఆగారు. "మౌనం అర్ధాంగీకారం," అన్నాడు దోర్కోన్.

చచ్చిపోయిన రాజు వద్దని ఎలా చెప్తాడు? అది లైకోన్‌కి తెలీదా? తెలుసు. తెలిసే అడిగాడు.

అకాంతుణ్ణి తీగలతో కట్టారు. వాడు ముళ్ళు లేపి ఉంటే పది తోడేళ్ళ మూతులు జల్లెడ అయ్యేవి. లేపలేదు. ముడి వేస్తున్న లైకోన్‌తో నెమ్మదిగా అన్నాడు.

"ఇవాళ మీరు గెలిచారు తమ్ముడూ. ఓడిపోయినవాళ్ళు సేనానిని పట్టివ్వడం విన్నాను. గెలిచినవాళ్ళు పట్టివ్వడం ఎక్కడా వినలేదు. చిరుత కూడా విని ఉండడు."

లైకోన్ ముడి బిగించాడు.

చిరుత మాట తప్పలేదు. గాడిదలొచ్చాయి. మూటల మీద ముడులు కూడా వేసినవి వేసినట్టే ఉన్నాయి. పిల్లలు పరిగెత్తుకుంటూ వచ్చి లైకోన్ కాళ్ళ మధ్య దూరారు. వాడికి ఏడుపొచ్చింది, సంతోషంతోనే. మెలిత మాత్రం వాడి ఒంటి మీద గాయాలు వెతికింది. మమ్మల్ని తేవడానికి ఎంతమంది పోయారు అని అడిగింది. ఒక్కరూ పోలేదు అన్నాడు లైకోన్, కొంచెం గర్వంగానే. మెలిత చుట్టూ చూసింది. అందరూ ఉన్నారు. ఒక్కడు లేడు. ఆమెకి అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు.

"అక్కడ పిల్లలు ఒకటే ఏడుపు," అంది మెలిత. "పొద్దున్నకల్లా ముళ్ళమామ వచ్చి తీసుకెళ్తాడని చెప్పి ఊరుకోబెట్టాను. ఇప్పుడు వాళ్ళకి ఏం చెప్పమంటావో నువ్వే చెప్పు."

చిరుత మూడు రోజులు ఆలోచించాడు. నాలుగో రోజుకి అకాంతుడు లేడు. పిల్లసింహం పేరు ఎత్తేవాడు కూడా ఇక లేడు.

ఐదో రోజు చిరుత వెండివెన్నులందరినీ పిలిపించాడు. లైకోన్ ఒళ్ళు దువ్వుకుని వెళ్ళాడు. ఎంత చేదుగా ఉన్నా చేసిన పనికి మెప్పు వస్తుందేమో, ఓ పదవి వస్తుందేమో అని లోపల ఒక ఆశ. చిరుత వాళ్ళని చాలా మర్యాదగా కూర్చోబెట్టాడు. మీలాంటి వీరులు ఇక్కడ ఉండాల్సినవాళ్ళు కాదు, నా రాజ్యం ఎల్లల దగ్గర కాపలా ఉండాలి అన్నాడు. ఒక్కో ఎల్లకి ఇద్దరు. ఒక జతకీ ఇంకో జతకీ పది ఆమడల దూరం. ఒక చోట ఎడారి, ఒక చోట మంచు కొండ, ఒక చోట నీళ్ళు ఎండిపోయిన బావి. ఎల్ల కాపలాకి వెళ్ళేవాళ్ళు మూటలు తీసుకెళ్ళకూడదు, పెళ్ళాం బిడ్డల్ని అసలే తీసుకెళ్ళకూడదు. అవన్నీ ఇక్కడ నా దగ్గర భద్రంగా ఉంటాయి అన్నాడు.

లైకోన్ లేచి నిలబడ్డాడు. "మేము మీకు మేలు చేశాం కదా," అన్నాడు.

"చేశారు," అన్నాడు చిరుత. "వాడు మీకు ఏం తక్కువ చేశాడు? అయినా ఒక పూటలో ఇచ్చేశారు. నేను వాడంత మంచివాణ్ణి కూడా కాదు."

మర్నాడు పొద్దున్న లైకోన్ మూట తెచ్చి మెలిత ముందు పెట్టాడు. జాగ్రత్తగా చూడు అన్నాడు. ఎప్పుడొస్తావు అని మెలిత అడగలేదు. చిన్నపిల్ల తోక పట్టుకుని వదలకపోతే తనే వచ్చి విడిపించింది.

లైకోన్ ఎడారి దారి పట్టాడు. జతగా దోర్కోన్‌ని ఇచ్చారు. ఇద్దరూ కలిసి ఒక ఆమడ నడిచారు. చలికాలమైనా ఎడారి ఎండ మండుతోంది. దారిలో ఒక రాయి చాటున కాస్త నీడ కనిపిస్తే ఆగారు. లైకోన్‌కి కళ్ళు మూతలు పడుతున్నాయి. కాసేపు నేను నడుం వాలుస్తాను, నువ్వు చూస్తూ ఉండు, తర్వాత నువ్వు పడుకుందువు గాని, నేను చూస్తాను అన్నాడు. ఇరవై ఏళ్ళుగా వెండివెన్నులు అలాగే వంతులేసుకుని పడుకునేవాళ్ళు.

దోర్కోన్ వాడి వంక చూశాడు.

"వద్దులే అన్నా," అన్నాడు. "ఎవరి కాపలా వాళ్ళం కాసుకుందాం."

ఇద్దరూ కళ్ళు తెరుచుకుని, ఒకరినొకరు చూసుకుంటూ, పొద్దు వాలేదాకా ఆ నీడలో కూర్చున్నారు.

నీతి: నమ్మినవాణ్ణి అమ్ముకున్నవాణ్ణి కొన్నవాడూ నమ్మడు, తోటివాడూ నమ్మడు.